పాత డెలివరీ వ్యాన్ బాడీ కట్టుకుందాం – 4వ పాఠం: పైకప్పు వంపు కర్రలు

పోయిన పాఠంలో రెండు పక్కల ఫ్రేములూ నిలబెట్టి మూలమట్టం చూసుకున్నాం. మూల నుంచి మూలకు టేపు పెడితే రెండు కొలతలూ ఒకటే రావాలి. రాకపోతే ముందు అది సరిచేసి, తర్వాత ఈ పాఠానికి రండి.

మన నమూనా 1928–31 నాటి ఫోర్డ్ మోడల్ ఏ ప్యానెల్ డెలివరీ, అంటే పక్కలకు కిటికీల్లేని సరుకుల వ్యాన్. దాని పక్కలు రేకు, పైకప్పు నడిమి భాగం మాత్రం కర్రా గుడ్డా. ఖర్చు తగ్గించడానికే ఇలా చేశారని చాలామంది అనుకుంటారు. కానీ కప్పంతా ఒకే ముక్కగా ఒత్తడానికి కావలసిన వెడల్పాటి రేకు, అంత పెద్ద ప్రెస్సు ఆ రోజుల్లో తేలిగ్గా దొరికేవి కావు. జనరల్ మోటార్స్ 1935 మోడళ్లకు 'టరెట్ టాప్' పేరుతో ఒకే ముక్క ఉక్కు కప్పు తెచ్చింది. ఫోర్డ్ కార్లకు అది 1937లో వచ్చింది. అప్పటిదాకా వడ్రంగి పనే. మిషిగన్‌లోని ఐరన్ మౌంటెన్ దగ్గర ఫోర్డ్‌కు బాడీల కర్రపని కోసమే పెద్ద కర్మాగారం ఉండేది. అక్కడ మిగిలిన చెక్కముక్కలతో బొగ్గు దిమ్మలు కూడా చేసి అమ్మారు.

కప్పు ఇలా లేస్తుంది: పక్క ఫ్రేముల మీద అడ్డంగా వంపు కర్రలు, వాటి మీద ముందు నుంచి వెనక్కి సన్నని బద్దలు, ఆ పైన మెత్త, అన్నిటికంటే పైన నీరు దిగని గుడ్డ. కప్పు ఆకారమంతా వంపు కర్రల్లోనే ఉంటుంది. కర్ర పావు అంగుళం తప్పితే గుడ్డ దాన్ని దాచదు, ఎండలో ఇంకా ఎత్తి చూపిస్తుంది. అందుకే ఈ పాఠమంతా కర్రలకే.

మొదట వంపు లెక్క. బండి అడ్డం కొలత 48 అంగుళాలు, నడిమిన లేవాల్సిన ఎత్తు 3 అంగుళాలు అనుకుందాం. 48ని 48తో గుణిస్తే 2304. ఎత్తుకు 8 రెట్లు, అంటే 24తో భాగిస్తే 96. దానికి ఎత్తులో సగం, ఒకటిన్నర, కలపండి. 97.5 అంగుళాలు, అదే వృత్త వ్యాసార్ధం. నేల మీద ఒక మేకు కొట్టి, అంత పొడవున్న బద్ద చివర పెన్సిల్ కట్టి గీయండి. దారం వద్దు, సాగుతుంది. లోపలి అంచుకి మేకు కదపకుండా 96 అంగుళాల దగ్గర రెండో గీత గీస్తే ఒకటిన్నర అంగుళాల మందం కర్ర వస్తుంది. 5 అంగుళాల వెడల్పు పలకలో ఇది సరిపోతుంది.

ఆవిరి పట్టి వంచాలా అని అడుగుతారు. ఇంత తక్కువ వంపుకి అక్కర్లేదు. చివర్లలో కర్ర నార 15 డిగ్రీలకు మించి వాలదు కాబట్టి, పలకలోంచి కోసినా ఈ పనికి చాలినంత బలం ఉంటుంది. వంచిన కర్ర తర్వాత కొంత తిరిగి సాగుతుంది, కోసిన కర్రకి ఆ బెడద లేదు. యాష్ అనే గట్టి కర్ర దొరికితే మేలు. ముడులున్న పలక మాత్రం వద్దు.

నేను మొదటిసారి నడిమి కర్ర కొలతతోనే ఏడు కర్రలూ కోసేశాను. ముందు కర్ర అద్దం పై పట్టీ కంటే అర అంగుళం ఎత్తుగా నిలబడింది. రెండు మంచి పలకలు పోయాయి. ముందూ వెనకా వంపు నడిమి వంపులాగే ఉంటుందని ఎప్పుడూ అనుకోకండి.

కర్రలు ఒక్కొక్క స్క్రూతో నిలబెట్టాక, తిన్నని పొడవాటి బద్ద ఒకటి ముందు నుంచి వెనక దాకా వాటి మీద పరవండి. బద్ద కింద సందు కనిపించిన చోట కర్ర కిందికి ఉన్నట్టు, పలచని చెక్క పెట్టి లేపండి. బద్ద ఉబికిన చోట చిత్రిక పట్టండి. నడిమిన ఒకసారి, రెండు అంచుల దగ్గర ఒక్కోసారి ఇలాగే చూడండి. నాకు దీనికే ఒక పూట పడుతుంది, ఈ పని మొత్తంలో నాకు ఇష్టమైన పూట కూడా అదే. వేలితో తడిమితే కంటికి తెలియని మెట్టు తెలుస్తుంది.

వచ్చే పాఠంలో బద్దలు బిగించి గుడ్డ లాగుదాం. అంతలోపు ముందు, నడిమి, వెనక కర్రలకి మూడు అట్ట నమూనాలు కోసి బండి మీద నిలబెట్టి చూడండి. సరిగ్గా కూర్చున్నాకే పలక మీద రంపం పెట్టండి.