స్క్రాపర్ ఎక్కేవాళ్లకు: వాన పడేలోపు బౌల్ సంగతి

నేలను చెక్కి, ఆ మట్టిని తన తొట్టిలో మోసుకెళ్లి పరిచే స్క్రాపర్ మలుపులో బోల్తా పడి ఆపరేటర్ నలిగిపోయాడన్న వార్త మళ్ళీ వచ్చింది. ఇలాంటి వార్తల్లో బ్రేకు పట్టలేదనో, దారి జారుగా ఉందనో రాస్తారు. ఆ క్షణంలో బౌల్, అంటే మట్టి నిండే ఆ తొట్టి, ఎంత ఎత్తులో ఉందో ఎవరూ రాయరు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

హెల్మెట్, బూట్లు, పొద్దున్నే ఆయిల్ చూసుకోవడం గురించి ఇక్కడ చెప్పడం లేదు. అవి సైట్‌లో రోజూ చెప్పేవే. చెప్పాల్సిన తప్పు ఒక్కటుంది: బౌల్ ఎత్తి నడపడం.

ఇది పాత తప్పు. బ్రిటన్‌లో తొలి మోటార్‌వేలు (బండ్లు వేగంగా పోయే పెద్ద రహదారులు) కట్టిన నాటి నుంచీ ఉంది. వాటిలో మొదటిదైన ప్రెస్టన్ బైపాస్ 1958 డిసెంబర్ 5న, ఎం1 మోటార్‌వే తొలి భాగం 1959 నవంబర్ 2న తెరిచారు. ఎం1 తొలి భాగాన్ని 19 నెలల్లో పూర్తి చేయాలన్నది లెక్క. పైగా 1958 వేసవంతా వానలే. బంకమట్టిలో, గడువు మీద పడుతుంటే స్క్రాపర్లు పరుగులు తీశాయి. ఆనాటి బండ్ల మీద ఆపరేటర్ తల కాచే ఇనుప చట్రం లేదు, బెల్టు లేదు. ఇప్పటి బండ్లకు అవన్నీ ఉన్నాయి. కానీ బండి ఎందుకు పడుతుందో ఆ లెక్క మాత్రం మారలేదు.

బౌల్ ఎందుకు కిందనే ఉండాలి

యూక్లిడ్ టీఎస్-24 అనే స్క్రాపర్ బౌల్‌ను అంచువరకు నింపితే సుమారు 18 ఘనమీటర్లు పడుతుంది. మట్టి బరువే పాతిక టన్నుల దాకా ఉంటుంది. బౌల్‌ను రెండడుగులు పైకి లేపారంటే అంత బరువునూ రెండడుగులు పైకి తీసుకెళ్లినట్టే. మలుపు తిరిగేటప్పుడు ఆ బరువు బయటి చక్రం మీదికి వాలుతుంది. ముందున్న రెండు చక్రాల ట్రాక్టర్ వెనక భాగానికి మెడ (రెండింటినీ కలిపే కీలు) దగ్గర మాత్రమే అతుక్కుని ఉంటుంది కాబట్టి, వెనక భాగం పడితే అదీ వెంటే పడుతుంది. మీరు కూర్చున్నది ఆ ట్రాక్టర్ మీదే.

నున్నటి హాల్ రోడ్డు (మట్టి మోసే దారి) మీద బౌల్ నేలకు జానెడు ఎత్తులో ఉంటే చాలు. గతుకులుంటే మూరెడు. అంతకంటే ఎత్తాల్సి వస్తోందంటే బాగుచేయాల్సింది రోడ్డు. రోడ్డు చదును చేసే గ్రేడర్‌ను పిలవండి, బౌల్ ఎత్తకండి.

ఇంకో కారణం కూడా ఉంది. బ్రేకులు పోతే మీకు మిగిలే చివరి బ్రేకు బౌలే. జానెడు ఎత్తులో ఉంటే క్షణంలో దిగి కటింగ్ ఎడ్జ్ (బౌల్ అడుగున మట్టి చెక్కే ఇనుప అంచు) నేలలో దిగబడుతుంది. నడుమెత్తులో ఉంటే దిగేసరికి వేగం పెరిగిపోతుంది, ఆపైన ఒక్కసారిగా గుచ్చుకుని బండిని విసిరేస్తుంది.

కట్‌లోంచి (మట్టి చెక్కే చోటు) బయటికొచ్చేటప్పుడు చాలామందికి ఇది గుర్తుంటుంది. మరిచిపోయేది ఫిల్లు మీద, అంటే మట్టి పోసి ఎత్తు చేసే చోట. మట్టి పరచడానికి బౌల్ ఎత్తుతారు, మట్టిని బయటికి నెట్టే పలక, అదే ఎజెక్టర్, ముందుకు తోస్తారు, ఖాళీ అయ్యిందని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని బౌల్ అలాగే ఉంచి కట్ట అంచున వెనక్కి తిరుగుతారు. మన దగ్గర టిప్పర్ తొట్టి దించకుండా కదిలించి కరెంటు తీగలకు తగిలించేది కూడా ఈ మరుపే. టిప్పర్ నుంచి స్క్రాపర్ మీదికి మారి గల్ఫ్‌కో, ఆస్ట్రేలియాకో వెళ్లేవాళ్లు ఆ అలవాటును ఇక్కడే వదిలేసి వెళ్లాలి. ముందు ఎజెక్టర్ వెనక్కి, వెంటనే బౌల్ కిందికి, ఆ తర్వాతే మలుపు.

లోడింగ్

వాలు కిందికి చెక్కితే బరువే సాయం చేస్తుంది. వెనక నుంచి డోజర్ తోసేటప్పుడు రెండు బండ్లూ ఒకే గీతలో ఉండాలి. మీరు పక్కకు తిరిగి ఉండగా తోస్తే మెడ మడతపడుతుంది. బ్లేడు మూల టైరును కోసే ప్రమాదం కూడా ఉంది. ఒక నిమిషం దాటాక బౌల్‌లోకి చేరే మట్టి తక్కువ, అరిగే టైరు ఎక్కువ. చక్రాలు తిరుగుతూ బండి కదలకపోతే యాక్సిలరేటర్ మీద బలం చూపకండి, కటింగ్ ఎడ్జ్ కొద్దిగా ఎత్తండి. డోజర్ పూర్తిగా విడిపోయాకే వేగం పెంచండి.

వాన

పని సాగుతున్నంతసేపూ ఫిల్లు అంచులు నడిమి కంటే కాస్త ఎత్తుగా ఉంచుతూ రండి, అప్పుడు బండి లోపలికి వాలుతుంది. కానీ మబ్బు పట్టిన సాయంత్రం అదే ఫిల్లు నీళ్ల గిన్నె అవుతుంది. షిఫ్టు ముగిసేలోపు నడిమి ఎత్తు చేసి, నీరు పక్కలకు జారేలా రోలర్‌తో గట్టిపరిచి వదలాలి. విడిమట్టి వదిలేసి వెళ్తే మర్నాడు బురద తప్ప ఇంకేమీ ఉండదు. మట్టిలో, పునాదిలో చేరిన నీళ్లు ఎంత పని చేస్తాయో ప్రెస్టన్ బైపాసే చూపించింది. తెరిచిన 46 రోజులకే, మంచు గడ్డకట్టి కరగడంతో రోడ్డు దెబ్బతిని మూసేశారు.

తడిసిన బంకమట్టి మీద, అందులోనూ దిగుడులో, రెండు ఇంజన్ల బండి మరింత ప్రమాదం. ముందు చక్రాలు జారుతుంటే వెనక ఇంజన్ ఇంకా తోస్తూనే ఉంటుంది, బండి మధ్యలో కత్తిలా మడుచుకుంటుంది. ముందుగా వెనక ఇంజన్ పవర్ తగ్గించండి.

ఇక మిగిలినవి.

దిగుడులో న్యూట్రల్ వద్దు. డీజిల్ ఆదా అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ ఆ గేరే.

బౌల్ దించండి.

బండి ఎగిరెగిరి పడుతుంటే వేగం తగ్గించండి. ఆ ఊపులో స్టీరింగ్ అటూఇటూ తిప్పకండి.

బౌల్‌ను కేబుల్‌తో లేపే పాత బండి అయితే కేబుల్ పోగులు తెగాయా, వించ్ బ్రేకు జారుతోందా అని రోజూ చూడండి. ఆ బ్రేకు జారితే బౌల్ చెప్పకుండా పడుతుంది.

చట్రం ఉన్న బండిలో బెల్టు తప్పనిసరి. బండి పడుతున్నా బయటికి దూకకండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి. చట్రం లేని పాత బండిలో బెల్టు పెట్టుకోకండి.

ట్రాక్టర్‌కూ బౌల్‌కూ మధ్య ఎవరూ నిలబడకూడదు. ఇంజన్ తిరుగుతున్నా సరే, ఆగినా సరే. పని ఉంటే ముందు మెడకు లాక్ పిన్ను వేయండి.

కటింగ్ ఎడ్జ్ మార్చేటప్పుడు బౌల్ కింద దిమ్మలు, ఏప్రన్ (బౌల్ ముందుండే మూత) కింద దిమ్మలు. హైడ్రాలిక్‌ను నమ్మి చెయ్యి పెట్టకండి.

వేడెక్కిన టైరు పక్కగోడ ఎదుట నిలబడకండి.

హెల్పర్‌ను మెట్టు మీద ఎక్కించుకోకండి.

కట్ట అంచుకు మీ టైరు వెడల్పంత దూరం. తడిసి ఉంటే రెండింతలు.

ఖాళీ బండే కదా అని బౌల్ ఎత్తి పరుగెత్తకండి. ఖాళీ బౌలైనా టన్నుల ఇనుమే.

బండి ఆపి దిగేముందు బౌల్ నేలకు ఆనాలి, ఏప్రన్ మూసి ఉండాలి, పార్కింగ్ బ్రేకు పడాలి. దిగాక ఒకసారి వంగి, కటింగ్ ఎడ్జ్ నిజంగా నేలను తాకుతోందో లేదో చూడండి.