యాభై దాటాక తగ్గిన ఓపిక: నేను సరిచేసుకున్న తీరు

యాభై దాటాక మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడేవి. పొట్ట పెరిగింది, కోరిక తగ్గింది. బావమరిది అశ్వగంధ డబ్బా తెచ్చిచ్చాడు. జిమ్‌లో కుర్రాడైతే ఏకంగా టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షనే వేయించుకోమన్నాడు. ముందు రక్తపరీక్ష చేయిద్దామనిపించింది.

ఆ పరీక్షకు వేళ ముఖ్యం. ఉదయం పదిలోపు, పరగడుపున ఇవ్వాలి. సాయంత్రానికి ఈ హార్మోన్ మామూలుగానే తగ్గుతుంది. ఒక్క రిపోర్టుతో తేల్చరు, ఇంకో రోజు మళ్లీ చేయిస్తారు. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపమేమోనని చూస్తారు. నాది రెండుసార్లూ దానికి పైనే. బి12 మాత్రం అడుగంటింది. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో ఇది కనిపించేదేనట. దానికి మాత్రలు రాశారు.

అసలు దొంగ గురక. మా ఆవిడ ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది: గురక ఠక్కున ఆగడం, కాసేపు చప్పుడే లేకపోవడం, తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఊపిరి. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు అని తేలింది. దానికి రాత్రిళ్లు గొట్టంలోంచి గాలి ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషీన్ పెట్టుకోవాలి. ఆ మాస్కు మొదట్లో మహా చిరాకు, పొద్దున లేచేసరికి ముక్కు మీద అచ్చు. అలవాటయ్యాక పగటి మత్తు వదిలింది, తలనొప్పి పోయింది.

ఇంజెక్షన్ సంగతి అడిగితే డాక్టర్ గారు వద్దన్నారు. బయటి నుంచి ఇస్తే వీర్యకణాల తయారీ పడిపోతుందట, రక్తం చిక్కబడొచ్చట, ఆప్నియా ముదరొచ్చట. బదులుగా బరువు తగ్గమన్నారు. రాత్రి అన్నం సగం చేశాను, నడకకు డంబెల్స్ కలిపాను. పొట్ట కొంచెం లోపలికెళ్లింది, కోరిక కూడా మెల్లగా దారిలో పడింది. మాస్కు గొట్టం సబ్బునీళ్లతో కడగడానికే ఇంకా బద్ధకం.