వైరు కత్తిరించే ముందు ఒక్క లెక్క

యాంటెన్నా అనలైజర్ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి సరిపోతుందో కొలిచే మీటర్) చేతిలో ఉంటే డైపోల్‌ని, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా సాగదీసిన వైరు యాంటెన్నాని, ఊహతో కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోవాల్సిన పని లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా, కేబుల్ ఒకదానికొకటి ఎంత సరిపోయాయో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా సరిపోయినట్టు) ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నిటికంటే తగ్గుతోందో చూడండి, ఇప్పుడున్న పొడవును ఆ ఫ్రీక్వెన్సీతో గుణించి మీకు కావలసిన ఫ్రీక్వెన్సీతో భాగించండి, దాదాపు సరైన పొడవు వచ్చేస్తుంది. ఉదాహరణకి వైరు మొత్తం 20.5 మీటర్లు, డిప్ (ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికంటే తగ్గిన చోటు) 6.9 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది, మీకు 7.1 కావాలి అనుకుంటే 19.92 మీటర్లు, అంటే ఒక్కో వైపు 29 సెంటీమీటర్లు తగ్గించాలి. వెంటనే కత్తిరించేయకండి! చివర్లు వెనక్కి మడిచి వైరుకే గట్టిగా చుట్టి, మళ్లీ పైకెత్తి చూడండి, ఎందుకంటే ఎత్తు మారితే డిప్ కూడా పక్కకి జరుగుతుంది.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. పొడవాటి కోయాక్స్‌కి (యాంటెన్నా నుంచి రేడియోకి వచ్చే కేబుల్) ఇవతలి చివర, అంటే రేడియో వైపు కొలిస్తే కేబుల్ నష్టం వల్ల ఎస్‌డబ్ల్యూఆర్ అసలు కంటే తక్కువ కనిపిస్తుంది. 3 డీబీ నష్టం ఉన్న, అంటే సగం పవర్ తినేసే కేబుల్‌కి అవతల యాంటెన్నా అసలు లేకపోయినా మీటర్ 3 మాత్రమే చూపిస్తుంది, మనం మాత్రం ఫరవాలేదులే అనుకుంటాం. అందుకే వీలైతే ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గరే కొలవండి, లేదా వెక్టర్ అనలైజర్ అయితే కేబుల్ యాంటెన్నా వైపు చివర ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు క్యాలిబ్రేషన్ ముక్కలు ఒక్కొక్కటిగా పెట్టి క్యాలిబ్రేట్ చేశాక కొలవండి.

అనలైజర్ తగిలించే ముందు కోయాక్స్ మధ్య పిన్నునీ షీల్డునీ (బయటి లోహపు పొర) ఒకసారి షార్ట్ చేయండి, వైరు మీద చేరిన స్టాటిక్ చాలు లోపలి భాగాలు కాలిపోవడానికి.