పీహెచ్ మీటరు తప్పు చెబుతోందా? ముందు మూత తీసి చూడండి

శ్రీకాకుళంలో మా ఇంట్లో బోరు నీళ్లే. ఎంత సున్నమంటే, చేపల తొట్టి అద్దం మీద నీటిమట్టం దగ్గర తెల్లటి గీత కట్టేస్తుంది. అలాంటి నీళ్లలో పోయిన మేలో, పీహెచ్‌ని (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని) కొలిచే నా పెన్ను మీటరు ఒకసారి 6.4 అంది. నిమిషం ఆగితే 7.2, మళ్లీ ముంచితే 6.8. పీహెచ్ పెంచుదామని టెన్షన్‌లో వంటసోడా కలిపేశాను. అప్పటిదాకా హాయిగా తిరిగిన గప్పీలు మూలకు చేరాయి. మా అమ్మ చూసి, "నీళ్లు బాగానే ఉన్నాయిరా, ఆ పెన్నే పాడైపోనాది" అంది. ఆవిడ చెప్పిందే నిజం.

సమస్య: అంకె నిలవదు

కారణం చాలావరకు ఒకటే, ప్రోబ్ (నీళ్లలో ముంచే భాగం) కొసనున్న గాజు బుడగ ఎండిపోవడం. ఆ గాజు మీద పల్చటి తడి పొర ఉంటేనే అది పీహెచ్‌ని సరిగ్గా పట్టగలదు. నేను మీటర్ని కిటికీలో పెట్టి నెల రోజులు మర్చిపోయాను. మూత తీస్తే లోపలి స్పాంజి అప్పడంలా ఉంది.

స్టోరేజీ సొల్యూషన్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న కాలిబ్రేట్ చేయండి, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో (బఫర్లలో) ముంచి అంకె సరిచేయండి. ఆ సొల్యూషన్ అంటే 3 మోలార్ పొటాషియం క్లోరైడ్: ల్యాబ్ రకం పొడి 22.4 గ్రాములు వేసి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేదాకా డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు. దొరకకపోతే ప్రస్తుతానికి పీహెచ్ 4 బఫర్ వాడొచ్చు. ఉత్త డిస్టిల్డ్ వాటర్లోనో ఆర్వో నీళ్లలోనో మాత్రం ఉంచకండి. శుభ్రమైన నీళ్లే కదా అనిపిస్తుంది గానీ, ప్రోబ్ లోపలి ఉప్పును అవి బయటికి లాగేస్తాయి. ఇక మూత చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంటే కంగారు అక్కర్లేదు, కడిగితే పోతుంది.

సమస్య: కాలిబ్రేట్ చేసినా తేడా

బఫర్ని అనుమానించండి. పొడి ప్యాకెట్‌ని బోరు నీళ్లలో కలిపితే దాని అంకెకు విలువే ఉండదు. ఇంకో మెలిక ఉంది. కొన్ని మీటర్లు 7.00 కోసం ఎదురుచూస్తాయి, ప్యాకెట్ మీదేమో 6.86 అని ఉంటుంది. గమనించకపోతే ఆ 0.14 తేడా ప్రతి రీడింగులోనూ కూర్చుంటుంది. మన సున్నపు నీళ్లకు 6.86 తర్వాత సరిచూసే రెండో పాయింటుగా 4 కన్నా 9.18 బఫర్ని పెట్టుకోవడం మేలు. వాడిన బఫర్ని తిరిగి సీసాలో పోయొద్దు.

సమస్య: అంకె మెల్లగా కదులుతుంది

గాజు మీద సున్నమో జిడ్డో పట్టింది. సున్నానికి వెనిగర్లో పది నిమిషాలు, జిడ్డుకు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు. కడిగాక గంటసేపు స్టోరేజీ సొల్యూషన్‌లో ఉంచాలి. తువ్వాలుతో రుద్దొద్దు, టిష్యూతో అద్దితే చాలు.

సమస్య: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి

ఇది మీటరు తప్పు కాదు. తొట్టిలో మొక్కలుంటే పగలు కార్బన్ డయాక్సైడ్‌ని వాడుకుంటాయి, పీహెచ్ పెరుగుతుంది. రోజూ ఒకే వేళకు చూడండి.

తెర మసకబారితే బ్యాటరీలు మార్చండి.

ఏ బఫర్లో ముంచినా 7 దగ్గరే ఉండిపోతే గాజు పగిలి ఉండొచ్చు, భూతద్దంతో చూడండి. పగిలిందా, ఇక నానబెట్టినా లాభం లేదు, కొత్తది కొనాల్సిందే. పగలకపోయినా మామూలు పెన్ను మీటరు ప్రోబ్ ఒకటి రెండేళ్లకు మించి నమ్మకంగా పనిచేయదు.