చిన్న వ్యాపారాల డేటా రక్షణ – మూడో పాఠం: బ్యాకప్ సేవను ఎంచుకోవడం

మన వ్యాపార లెక్కలు ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోన్‌లో, ఎవరి చేతిలో ఉన్నాయో గత పాఠంలో రాసుకున్నాం. ఆ జాబితాను ముందు పెట్టుకొని ఈ పాఠం చదవండి. బ్యాకప్ సేవలు అమ్మేవారు ఎన్ని జీబీల స్థలం ఇస్తారో, నెలకు ఎంత తీసుకుంటారో ముందుగా చెబుతారు. మనం మాత్రం డేటా పోయిన రోజున అది ఎంతసేపట్లో, ఏ స్థితిలో తిరిగి చేతికి వస్తుందని అడగాలి.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పించుకోవాలంటే రెండు అంకెలు మన దగ్గర సిద్ధంగా ఉండాలి. ఎన్ని గంటల పని పోయినా మళ్లీ ఎక్కించుకోగలమన్నది మొదటిది. దీన్ని ఆర్‌పీఓ అంటారు. ఎంతసేపు పని ఆగినా తట్టుకోగలమన్నది రెండోది, ఇది ఆర్‌టీఓ. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఉందనుకోండి. యాసంగి వడ్లు దిగే రోజుల్లో కాంటా దగ్గరి కంప్యూటర్‌లో పొద్దంతా ట్రాక్టర్ల, లారీల తూకాలు ఎక్కుతూనే ఉంటాయి. రాత్రి పదింటికి ఒక్కసారి బ్యాకప్ తీసే సేవ పెట్టుకున్న మిల్లులో సాయంత్రం ఆరింటికి హార్డ్ డిస్క్ చెడిపోతే, ఆ రోజు తూకాలన్నీ రైతుల చేతిలోని చీటీలను బట్టి మళ్లీ రాసుకోవలసిందే. అక్కడ గంటకోసారి బ్యాకప్ అవసరం. అదే మిల్లులో నెలకోసారి మారే జీతాల ఫైలుకు అంత ఖర్చు పెట్టనక్కరలేదు.

రెండో అంకెను ఇంటర్నెట్ వేగంతో సరిచూసుకోవాలి. డేటా జీబీలను 8,000తో గుణించి, లైను వేగం ఎన్ని ఎంబీపీఎస్‌లో దానితో భాగిస్తే దించుకోవడానికి పట్టే సెకన్లు వస్తాయి. 200 జీబీని 40 ఎంబీపీఎస్ లైను మీద దించడానికి, వేగం ఎక్కడా తగ్గకపోయినా, 11 గంటలు దాటుతుంది. అందుకే క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా వేరే చోటి సర్వర్లలో దాచడం) ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ఒక ప్రతిని దుకాణంలోనే వేరే డిస్క్‌లో ఉంచే సేవను ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను.

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట అన్న 3-2-1 నియమం కూడా ఇదే చెబుతుంది. ఆ వేరే చోటు నిజంగా దూరమేనా అని అడిగి తెలుసుకోండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న ఖాతాదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, ఎలక్ట్రానిక్ ఖాతాపుస్తకాల బ్యాకప్‌ను ప్రతిరోజూ భారతదేశంలోని సర్వర్లలో ఉంచాలని 2022లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. జీఎస్టీ రికార్డులనైతే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి; సేవ అంతకాలం పాత ప్రతులను నిలుపుతుందో లేదో చూసుకోండి.

చాలామంది పొరబడేది సింక్ విషయంలో, అంటే రెండు చోట్లా ఫైళ్లను ఎప్పుడూ ఒకేలా ఉంచే పద్ధతి విషయంలో. ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేస్తే బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. ఇక్కడ తుడిచేసిన ఫైలు అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తాళం వేసిన ఫైలు తాళంతో సహా క్లౌడ్‌లోకి వెళ్తుంది. పాత వెర్షన్లను ఎన్ని రోజులు ఉంచుతారు, అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడినా గడువులోపు తుడవలేని ప్రతి ఒకటి ఉంటుందా అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగానే బ్యాకప్ నడిస్తే అసంపూర్తి ప్రతి రావచ్చు కనుక, వాడుకలో ఉన్న ఫైళ్లను ఆ సేవ ఎలా తీసుకుంటుందో కూడా అడగండి. డబ్బు కట్టడం ఆలస్యమైతే ఎన్ని రోజులకు డేటా తీసేస్తారు, సేవ మానుకుంటే డేటా వెనక్కి ఇవ్వడానికి ఎంత వసూలు చేస్తారు అన్నవి ఒప్పందంలో ఉండాలి.

ఈ వారం అభ్యాసం: నచ్చిన సేవను ట్రయల్ కాలంలోనే పరీక్షించండి. మీ అసలు కంప్యూటర్‌ను ముట్టుకోకుండా, మరో కంప్యూటర్‌లోకి నిన్నటి బ్యాకప్‌ను తిరిగి దించండి. టాలీ తెరిచి, ఏదైనా ఒక పార్టీ ఖాతా నిల్వ అసలుతో సరిపోయిందో లేదో చూడండి. మొదలుపెట్టిన సమయం, ముగిసిన సమయం రాసుకోండి. ఆ వ్యవధి మీ రెండో అంకెను మించితే, ధర ఎంత తక్కువైనా ఆ సేవను పక్కన పెట్టి మీకు నచ్చిన మరో సేవను పరీక్షించండి.