వెనక స్పీకర్లు పలకవు, పలికినా పస ఉండదు: ఎక్కడ చూడాలి?

హోం థియేటర్‌కి కొత్త రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సౌండు పంపే పెట్టె) బిగించుకున్నాక నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాట: "అన్నా, వెనకవి పలకడం లేదు." నేను అడిగేదీ ఒకటే. టెస్ట్ టోన్ వేశారా? వేసి ఉండరు. స్పీకర్ విప్పుతారు, కేబుల్ మారుస్తారు, ఇది మాత్రం చూడరు. రిసీవర్ మెనూలో స్పీకర్ లెవెల్స్ దగ్గర ఉంటుంది. ఒక్కో స్పీకర్లో వరసగా "ష్‌ష్" అని వినిపిస్తుంది. రెండు నిమిషాల పని.

వెనక స్పీకర్లు మూగపోతే

టోన్ వచ్చిందంటే వైరు, స్పీకరు రెండూ బాగున్నట్టే. వాటి జోలికి వెళ్లకండి. 5.1 సౌండు (ఐదు స్పీకర్లకీ, సబ్ వూఫర్‌కీ వేరువేరుగా వచ్చేది) రిసీవర్ దాకా రావడం లేదు. టీవీ డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎంలో ఉంటే ఏఆర్‌సీ (టీవీ సౌండును రిసీవర్‌కి తెచ్చే హెచ్‌డీఎంఐ దారి) మీద రెండు ఛానళ్లే వస్తాయి. ఆటో గానీ బిట్‌స్ట్రీమ్ గానీ పెట్టండి. సెట్‌టాప్ బాక్సులోనూ డాల్బీ ఆన్ చేయండి. టోనే రాకపోతే వైరు చూడండి.

అన్నీ పలుకుతున్నా పస లేకపోతే

నన్ను బాగా ఏడిపించింది ఇదే. తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇంట్లో పాట పెడితే గొంతు మధ్యలో నిలవదు, గదంతా చెదిరిపోతుంది. సబ్ వూఫర్ ఆపితే బేస్ అసలే లేదు. రెండు సాయంత్రాలు కూర్చున్నాను. రిసీవర్ రీసెట్ చేశాను, హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చాను. మైకు పెట్టి స్పీకర్లను కొలిచే ఆటో సెటప్ "ఫేజ్" (ప్లస్ మైనస్ తారుమారు) అని హెచ్చరించింది. రిసీవర్ దగ్గర ఎరుపు ఎరుపులో, నలుపు నలుపులో ఉన్నాయి కదా అని దాటేశాను.

తప్పు ఫాల్స్ సీలింగ్ పైన ఉంది. వైరు చాలక అతుకు వేసిన ఎలక్ట్రీషియన్ ఎరుపును నలుపుకి కలిపి టేప్ చుట్టేశాడు. బల్బుకైతే ఎటు కలిపినా వెలుగుతుంది. స్పీకర్ అలా కాదు. కుడిది కోన్‌ని (స్పీకర్లో కదిలే పొర) ముందుకు తోసేటప్పుడు ఎడమది వెనక్కి లాగితే బేస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది.

దీన్ని పట్టుకోవడానికి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. రిసీవర్ ఆపి, ఆ స్పీకర్ వైర్లు రెండూ రిసీవర్ నుంచి ఊడదీయండి. సెల్ రిసీవర్‌కి తగలకూడదు. ఎరుపుని సెల్ ప్లస్‌కి, నలుపుని మైనస్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయండి. గ్రిల్ తీసి, ఇంకొకరిని ఫోన్ టార్చ్ వేసి చూడమనండి. "టక్" మని కోన్ బయటికి రావాలి. చిన్న స్పీకరైతే కోన్ అంచు మీద వేలు ఆనించి చూడండి, తెలుస్తుంది. మిగతావి బయటికి వచ్చి ఒకటి లోపలికి పోతే అదే దొంగ. సీలింగ్ విప్పక్కర్లేదు. రిసీవర్ దగ్గర ఆ రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి, తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ "సరి" చేయకుండా టేప్ మీద రాసి అంటించండి. ఆటో సెటప్ మళ్లీ నడపండి.

వాల్యూం పెంచగానే రిసీవర్ ఆగిపోతే

టెర్మినల్ దగ్గర రాగి పోగు ఒక్కటి పక్కదానికి తగులుతుంటుంది. పోగులన్నీ మెలితిప్పి మళ్లీ బిగించండి.

రిసీవర్లో ఛానల్ కాలిపోవడం, స్పీకర్ కాయిల్ తెగడం అరుదు. కుడి ఎడమ స్పీకర్లు మార్చి చూడండి. లోపం స్పీకర్ వెంట వెళ్తే స్పీకర్‌ది, అక్కడే ఉంటే వైరుదో రిసీవర్‌దో.