విండోస్ 11 సిస్టమ్‌లు తగిలించేముందు సాంబా సర్వర్‌లో చూసుకోవాల్సినవి

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి చాలా ఆఫీసుల్లో సిస్టమ్‌లు మారుస్తున్నారు. లినక్స్‌లో సాంబా (సర్వర్‌లోని ఫోల్డర్లను నెట్‌వర్క్‌లోని మిగతా సిస్టమ్‌లతో పంచే సాఫ్ట్‌వేర్) నడుపుతూ విండోస్, మ్యాక్ రెండూ వాడేవాళ్లు ముందే ఇవి చూడండి.

– ముందు బ్యాకప్, అదీ వేరే డిస్క్‌లో. షేర్ ఫోల్డర్‌లో డిలీట్ కొడితే ఆ ఫైల్ విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, పోయిందంటే పోయినట్టే. అలా పోకుండా డిలీట్ చేసినవి పక్కన దాచే రీసైకిల్ మాడ్యూల్ సాంబాలో ఉంది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. దయచేసి బ్యాకప్ మాత్రం వాయిదా వేయకండి.

– రౌటర్‌లో 445 పోర్ట్ (షేర్ ఫైళ్లు వచ్చిపోయే దారి) ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఇవాళే మూసేయండి. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాకింది ఈ పోర్ట్ మీదుగానే. ఇంటి నుంచి ఫైళ్లు కావాలంటే వీపీఎన్ (బయటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వచ్చే రక్షిత దారి) పెట్టుకోండి.

– పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తీసేయండి. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ వాటిని మామూలుగా తెరవనివ్వదు. లినక్స్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు, ఒక్కొక్కరికీ విడిగా పెట్టాలి.

– పాత స్కానర్ కోసం ఎస్ఎంబీ1 (ఫైళ్లు పంచుకునే పాత, భద్రత తక్కువ పద్ధతి) మళ్లీ ఆన్ చేయకండి. సాంబా 4.11 నుంచి అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, స్కాన్ మెయిల్‌కి పంపించుకోవచ్చు.

– సర్వర్ మీదే "బిల్లు 10:30" అని కోలన్‌తో సేవ్ చేసిన ఫైల్ విండోస్‌లో అర్థంకాని పొట్టి పేరుతో కనిపిస్తుంది. అలాంటి పేర్లు ముందే మార్చేయండి.

– సెట్టింగ్స్ మార్చాక టెస్ట్‌పార్మ్ (సెట్టింగ్స్‌లో తప్పులు చూపే సాంబా కమాండ్), ఆ తర్వాతే సాంబా రీలోడ్.